తాటాకు, కరక్కాయ, పురికొస: పదిహేడో శతాబ్దం చెన్నై తరగతి గదిలోకి వచ్చే దారులు

చెన్నైలో తెలుగు చదివే పిల్లలకు పదిహేడో శతాబ్దం రెండు ముక్కలుగా అందుతుంది. సోషల్ పుస్తకంలో అది అక్బర్ తర్వాతి మొఘలుల కథ, దాని చివర ఆంగ్లేయుల రాక. తెలుగు పుస్తకంలో అది 'దక్షిణాంధ్ర యుగం' అనే శీర్షిక, కింద నాలుగైదు కవుల పేర్లు. ఆ రెండూ ఒకే కాలమనీ, ఆ కాలం తాము రోజూ బస్సులో దాటే వీధుల్లోనే ఉందనీ చాలామందికి తట్టదు. దామెర్ల వెంకటాద్రి నాయకుడు ఆంగ్లేయులకు ఇసుకనేల ఇచ్చిన 1639 నాటికి తంజావూరులో రఘునాథ నాయకుడి కొడుకు విజయరాఘవ నాయకుడు రాజ్యం చేస్తున్నాడు. వెంకటాద్రి తండ్రి చెన్నప్ప పేరు మీదే చెన్నపట్నం. పెద్దనాయకన్‌పేట పేరులోని పెద్దనాయకుడు ఊరి కావలి చూసినవాడు. ఈ పిల్లలకు ఆ శతాబ్దం ఇంటి చరిత్ర.

అందుకే ఉపాధ్యాయులు కృత్యాలు పెడతారు. కానీ చాలా కృత్యాలు చార్టు అతికించడంతో, తలపాగా చుట్టుకుని 'నేను రఘునాథ నాయకుణ్ణి' అనడంతో ముగుస్తాయి. పిల్లలకు సరదాగానే ఉంటుంది గానీ అందులో చరిత్ర నేర్చుకునేది తక్కువ. చేతిపని పాఠం కావాలంటే దానితో ఒక మాటను పరీక్షించాలి. 'ఇది ఇలా జరిగిందట' అని అందరూ అనుకునే ఒక వాక్యాన్ని బోర్డు మీద రాసి, అది నిలుస్తుందో లేదో చేతిలో ఉన్న వస్తువుతోనే తేల్చుకోవాలి. కింద చెప్పిన పనులన్నీ ఎనిమిది, తొమ్మిది తరగతుల కోసం. నలభై మంది పిల్లలు, నలభై అయిదు నిమిషాల పీరియడ్ అనుకుని వేసిన లెక్కలు ఇవి.

ముందుగా పురికొస

అయిదు మీటర్ల పురికొస గోడకు కట్టాలి. ఏడాదికి 5 సెంటీమీటర్లు, నూరేళ్లకు 5 మీటర్లు. నైలాన్ తాడు సాగి కొలత తప్పుతుంది కాబట్టి పురికొసే మేలు. పదేళ్లకొక ముడి వేస్తే 50 సెంటీమీటర్లు అవుతుంది. ముడుల్లో పోయే పొడవు కోసం ముందే అర మీటరు ఎక్కువ తీసుకుని, ప్రతి ముడి వేశాక మళ్లీ కొలవాలి. తర్వాత బట్టల క్లిప్పులతో చీటీలు తగిలించాలి. 1613 పులికాట్‌లో డచ్చివారి గెల్డ్రియా కోట. 1620 తరంగంబాడి కోసం డేన్లతో (డెన్మార్క్‌వాళ్లతో) రఘునాథ నాయకుడి ఒప్పందం. 1639 చెన్నపట్నం దానపత్రం. 1646 గోల్కొండ సైన్యంతో మీర్ జుమ్లా ఈ తీరానికి రావడం. 1673 తంజావూరు నాయకుల పతనం. 1680 కోటలో సెయింట్ మేరీస్ చర్చి. 1687 గోల్కొండ ఔరంగజేబు చేజిక్కడం. 1688 మద్రాసు కార్పొరేషన్.

తగిలించాక తాడు ఎక్కడ కిక్కిరిసి ఉందో, ఎక్కడ ఖాళీగా ఉందో పిల్లలనే చెప్పనివ్వాలి. 1639 తర్వాత మద్రాసు చీటీలు దండిగా ఉంటాయి, అంతకుముందు పలచగా ఉంటాయి. ఇక్కడ పరీక్షించాల్సిన వాక్యం: 'ఖాళీ ఉన్నచోట ఏమీ జరగలేదు.' ఈస్టిండియా కంపెనీ గుమస్తాలు ప్రతి బేరానికీ ఉత్తరం రాసి దాచారు కాబట్టి మద్రాసు భాగం నిండుగా కనిపిస్తోంది. పక్కపక్క పల్లెల్లో నూలు వడికినవాళ్లు ఉత్తరాలు రాయలేదు. ఈ ఒక్క విషయం పిల్లలు గ్రహిస్తే చాలు, తాడును ఏడాది పొడవునా గోడ మీదే ఉంచి తక్కిన పనులన్నిటికీ దాన్నే ఆధారం చేసుకోవచ్చు.

తాటాకు మీద తెలుగు

అన్నిటికంటే ఎక్కువ ఫలితమిచ్చే పని ఇదే, ఎక్కువ తయారీ కావలసిందీ ఇదే. చెన్నైలో తాటాకు దొరకడం కష్టం కాదు. వేసవిలో ముంజలమ్మేవాళ్లతో ముందే చెప్పుకుంటే ఆకులు తెచ్చిస్తారు. అయితే ముంజల కాలం, బడి సెలవులు ఒకేసారి వస్తాయి. అందుకే ఏప్రిల్లోనే ఆకులు తెప్పించి, సిద్ధం చేసి, కట్టగట్టి ఉంచుకోవాలి. మరీ లేత ఆకు ఎండితే ముడుచుకుపోతుంది. ముదురాకు గంటం (ఆకు మీద గీసి రాసే ఇనుప పుల్ల) పెట్టగానే పెళుసుగా చీలుతుంది. అప్పుడే విచ్చుకున్న నడి ఆకు సరిపోతుంది.

మధ్య ఈనె తీసేసి 20 సెంటీమీటర్ల పొడవు, 3 సెంటీమీటర్ల వెడల్పున ముక్కలు కోయాలి. ఒక్కొక్కరికి రెండు చొప్పున, పాడైపోయేవి కలుపుకుని నూరు ముక్కలు ఉండాలి. అయిదు లీటర్ల నీళ్లలో రెండు చెంచాల పసుపు వేసి అరగంట ఉడికించి, నీడలో మూడు రోజులు ఆరబెట్టాలి. ఎండలో ఆరబెడితే అంచులు మెలితిరుగుతాయి, తర్వాత ఎంత బరువు పెట్టినా సరికావు. ఆరాక బరువైన పుస్తకాల కింద వారం ఉంచి, నున్నని రాయితో రెండువైపులా రుద్దాలి. గంటానికి బదులు మూడంగుళాల మేకును బెండు ముక్కకు గుచ్చి వాడవచ్చు. మొనను గరుకు కాగితం మీద కాస్త మొద్దుచేయాలి. ఇది మరిచిపోతే మేకు గీతకు బదులు చీలిక పెడుతుంది.

రాసే తీరు కూడా నేర్పాలి. కలం పట్టినట్టు పట్టుకుని చేతిని లాగితే అక్షరం రాదు. ఆకును ఎడమ చేతిలో పట్టుకుని, ఎడమ బొటనవేలితో మేకు మొనను నడిపించాలి. మేకును తక్కువగా, ఆకును ఎక్కువగా కదపాలి. ఒక్కొక్కరికి మొదటి పదినిమిషాలు వృథా అవుతాయి, దానికి సిద్ధపడే ఉండాలి. రాయడం అయ్యాక దీపపు మసిని నువ్వులనూనెలో చిక్కగా కలిపి, గుడ్డతో రుద్ది, పొడిగుడ్డతో తుడిచేయాలి. మసి గీతల్లో నిలిచి అక్షరం నల్లగా లేస్తుంది. గీత పైపైన ఉంటే మసి తుడుచుకుపోతుంది. ఆకంతా నల్లబడిందంటే నూనె ఎక్కువైంది, లేదా రాయితో సరిగా రుద్దలేదు.

ఇక పరీక్షించాల్సిన వాక్యం: 'తాటాకు చీలిపోతుందనే తెలుగు అక్షరాలు గుండ్రంగా మారాయి.' ఇది ప్రతి తెలుగు పిల్లాడూ ఎక్కడో ఒకచోట విన్నదే. చెన్నై తరగతి గదికి ఇక్కడ మరెక్కడా లేని అనుకూలం ఉంది, పిల్లలందరికీ తమిళ అక్షరాలు వచ్చు. తమిళ 'ట'లో ఒక నిలువుగీత, ఒక అడ్డగీత. తమిళ 'ప'లో రెండు నిలువుగీతలు, కింద ఒక అడ్డగీత. ఆ అడ్డగీతలు ఆకు నారల వెంటే నడుస్తాయి. ఆ వాక్యమే నిజమైతే తమిళం కూడా గుండ్రబడాలి కదా! సగం మంది తమిళ 'ట' ఇరవైసార్లు, సగం మంది తెలుగు 'ర' ఇరవైసార్లు రాసి చీలికలు లెక్కపెట్టాలి. తర్వాత అదే పని మొద్దు చేయని మేకుతో మళ్లీ చేయాలి.

పదునైన మేకుతో అడ్డగీతలు చీలుతాయి. మొద్దుమేకుతో, తగిన ఒత్తిడితో రాసినప్పుడు చీలికలు బాగా తగ్గుతాయి. అంటే ఆకు గుండ్రతనానికి అనుకూలించిందే గానీ బలవంతం చేయలేదు. తమిళులు అదే ఆకు మీద అడ్డగీతలతో శతాబ్దాలపాటు రాశారు. ఒడియా లిపి నెత్తిన అడ్డగీతకు బదులు గుండ్రని గొడుగు ఉండటం ఆకు వాదానికి బలమిస్తుంది. మరోవైపు తెలుగు-కన్నడ లిపి రాతి శాసనాల్లోనూ గుండ్రంగానే ఉంది, రాయి చీలదు కదా. ఈ మూడూ బోర్డు మీద పెట్టి, తీర్పు పిల్లలకు వదిలేయాలి. 'ఆకు ఒక్కటే కారణం కాదు' అని పిల్లవాడు తన చీలికల లెక్క చూపించి రాయగలిగితే ఆ పని పూర్తయినట్టే.

తమిళ తాళపత్రాల్లో పొల్లు చుక్క పెట్టకపోవడం కూడా చూపించదగ్గదే. చుక్క పెట్టిచూస్తే ఆకుకు చిల్లు పడుతుంది. చుక్క లేకుండా చదివిచూస్తే సందర్భం తెలియకుండా చదవడం ఎంత కష్టమో తెలుస్తుంది.

ద్విపద, నకలు తప్పులు

ఆకులు మిగిలాయి కాబట్టి రెండో పీరియడ్‌లో నకలు ఆట. ఆ కాలపు తంజావూరు కొలువులో ద్విపదకూ యక్షగానానికీ పెద్దపీట, విజయరాఘవుడే తన తండ్రి మీద ద్విపద కావ్యం రాశాడు. ద్విపద లక్షణం పిల్లలకు తెలిసినదే: పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం, మూడో గణం మొదటి అక్షరం యతి, రెండు పాదాలకూ ప్రాస. తరగతి కోసం కట్టిన ఈ రెండు పాదాలు చూడండి:

కోటకు వెలుపల కొలువైన వీథి
మాటలు కలిసిన మా పాత పేట

దీన్ని పదాల మధ్య ఖాళీ లేకుండా, విరామచిహ్నాలు లేకుండా ఒక ఆకు మీద రాసి మొదటి పిల్లవాడికి ఇవ్వాలి. అతడు చూసి రాసిన ఆకు రెండోవాడికి, వాడిది మూడోవాడికి, అలా అయిదుగురు. ఎవరూ తన ముందువాడి ఆకు తప్ప వేరే ఏదీ చూడకూడదు. ఎనిమిది జట్లు, ఎనిమిది అయిదో ప్రతులు. అప్పుడు మూలాన్ని దాచి, ఆ ఎనిమిదింటిని పక్కపక్కన పెట్టి, అసలు పాఠం ఏదో తేల్చమనాలి. ఇంతకంటే చక్కగా పాఠపరిష్కరణ అంటే ఏమిటో చెప్పే మార్గం లేదు.

ఇక్కడి వాక్యం: 'పద్యంలో తప్పు దొర్లితే ఛందస్సు పట్టిస్తుంది.' సగమే నిజం. 'కొలువైన' కాస్తా 'నెలవైన' అయితే గణం చెడదు గానీ యతి చెడుతుంది, దొరికిపోతుంది. చివరి 'పేట' కాస్తా 'పేటలు' అయితే సూర్యగణం పోతుంది, దొరికిపోతుంది. కానీ 'మా పాత'ను ఎవరైనా 'మన పాత' అని రాస్తే? గణం ఇంద్రగణమే, యతి కుదురుతుంది, ప్రాసకు సంబంధం లేదు. ఛందస్సు నోరు మెదపదు. 'మా'కూ 'మన'కూ తెలుగులో ఉన్న తేడా చిన్నది కాదు. ఎదుటివాణ్ణి కలుపుకునేది ఒకటి, వదిలేసేది ఇంకొకటి. పద్యం చక్కగా నడుస్తూనే అర్థం మారిపోగలదని పిల్లలు తమ ఆకుల్లోనే చూస్తారు. ఉపాధ్యాయులు ఈ మార్పు కావాలని ఒక జట్టు మూలంలో పెట్టి ఇవ్వడం మంచిది, ఎందుకంటే సహజంగా అదే తప్పు దొర్లుతుందన్న హామీ లేదు.

ఈ కొలువు గురించి చెప్పేటప్పుడు రామభద్రాంబ, మధురవాణి, రంగాజమ్మ పేర్లు వదలకూడదు. మొదటి ఇద్దరూ సంస్కృతంలో, రంగాజమ్మ తెలుగులో రాశారు. 'ఆ రోజుల్లో ఆడవాళ్లు చదువుకోలేదు' అనే వాక్యం వీళ్ల దగ్గర ఆగిపోతుంది. అయితే ముగ్గురూ రాజాస్థానంలో ఉన్నవాళ్లేనని, ఊళ్లోని ఆడపిల్లల చదువుకు అది సాక్ష్యం కాదని కూడా అదే పీరియడ్‌లో చెప్పాలి. క్షేత్రయ్య పదాల విషయంలో వయసు చూసుకోవాలి. చాలా పదాలు శృంగారపరమైనవి, పాఠశాలకు ఎంపిక తప్పదు. మధుర తిరుమల నాయకుడి దగ్గరా, విజయరాఘవుడి దగ్గరా, గోల్కొండ పాదుషా దగ్గరా ఎన్నెన్ని పదాలు పాడాడో ఆయనే లెక్క చెప్పుకున్న పదం ఉంది. దాన్ని తీసుకుని, ఆ మూడు ఊళ్లనూ పటం మీద కలిపితే తెలుగు పాటకు రాజ్యాల సరిహద్దులు అడ్డు రాలేదని ఒక్క గీతలో తెలుస్తుంది.

1639 ఆగస్టు 22 అంటే ఏ రోజు?

2004 నుంచి ఊరంతా ఆగస్టు 22ను మద్రాసు పుట్టినరోజుగా జరుపుకుంటోంది. బడిలో ఆ వారం ముగ్గులు, ప్రసంగాలు ఉంటాయి. వాటితో పాటు ఒక పీరియడ్ లెక్కకు ఇస్తే బాగుంటుంది. వాక్యం: 'మద్రాసు ఆగస్టు 22న పుట్టింది.'

అప్పటి ఆంగ్లేయులు వాడింది జూలియన్ కేలండర్. పదిహేడో శతాబ్దంలో అది ఇప్పటి కేలండర్ కంటే పది రోజులు వెనక. 22కు 10 కలిపితే ఇప్పటి లెక్కలో సెప్టెంబరు 1 అవుతుంది. పైగా ఆ పత్రం ఆగస్టుదా జూలైదా అన్న చర్చ కూడా ఉంది. ఇంకో చిక్కు: ఇంగ్లండులో అప్పుడు కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. కంపెనీ ఉద్యోగులు ఆండ్రూ కోగన్, ఫ్రాన్సిస్ డే ఇద్దరూ కోట కట్టడానికి ఇక్కడికి వచ్చిన 1640 ఫిబ్రవరి, నాటి రాతల్లో 1639 ఫిబ్రవరే. ఇది తెలియని విద్యార్థి దానపత్రం కంటే ముందే కోట పని మొదలైందని రాసేస్తాడు.

తెలుగు సంవత్సరం కట్టడం తర్వాతి మెట్టు. క్రీస్తుశకం నుంచి 78 తీసేస్తే శకవర్షం. దానికి 12 కలిపి 60తో భాగించగా మిగిలే శేషమే ప్రభవాదిగా సంవత్సరపు వరస సంఖ్య. 1639 నుంచి 78 తీస్తే 1561, 12 కలిపితే 1573, 60తో భాగిస్తే శేషం 13. పదమూడోది ప్రమాది. శేషం సున్నా వస్తే అక్షయ. జనవరి నుంచి ఉగాది దాకా 78 కాదు, 79 తీయాలి. నలభై మందిలో ముప్పై మంది తప్పేది ఇక్కడే అనుకుని ముందే హెచ్చరించడం మంచిది. 1640 ఫిబ్రవరికి 78 తీసినవాడికి విక్రమ వస్తుంది, 79 తీసినవాడికి ప్రమాది వస్తుంది, రెండోదే సరి. పదమూడో ప్రమాదికీ నలభై ఏడో ప్రమాదీచకూ పేరు పోలికతో తడబడేవాళ్లూ ఉంటారు. ఆ నలభై ఏడోది 1673, తంజావూరు నాయకుల చివరి ఏడాది. తమిళ పంచాంగంలోనూ పేర్లు ఇవే, ఏడాది మొదలు మాత్రం ఏప్రిల్ నడుమ. ఒకే బెంచీ మీద కూర్చున్న తెలుగు, తమిళ పిల్లలు ఒకే పేరును వేరువేరు రోజుల్లో మొదలుపెడతారన్నమాట.

కరక్కాయ, పాలు, తుప్పు ఇనుము

ఆంగ్లేయులు దుగరాజపట్నం వదిలి ఈ రేవులేని తీరానికి రావడానికి ముఖ్య కారణం బట్ట. ఇక్కడి చుట్టుపక్కల నేత, అద్దకం మిగతా చోట్లకంటే చవకగా దొరకడం. వాషర్‌మన్‌పేట పేరు కూడా ఆ బట్టను ఉతికి చలువ చేసినవాళ్ల నుంచి వచ్చిందే. కాబట్టి కలంకారీ ఈ ఊరి పుట్టుకకు దగ్గరి సంబంధం ఉన్న పాఠం. దీన్ని రంగు పెన్నులతో నెమలి బొమ్మ గీయించడంగా కుదించడం దానికి అన్యాయం చేయడమే.

పని మూడు వారాల ముందు మొదలవుతుంది. మట్టికుండలో రెండు లీటర్ల నీళ్లు, పావుకిలో తుప్పు పట్టిన మేకులు లేదా ఇనుప ముక్కలు, వంద గ్రాముల బెల్లం, యాభై గ్రాముల తాటిబెల్లం వేసి గుడ్డకట్టి నీడలో ఉంచాలి. మూత బిగించకూడదు, పులిసేటప్పుడు గాలి వస్తుంది. రెండు మూడు రోజులకోసారి కర్రతో కలపాలి. పదిహేను నుంచి ఇరవై రోజులకు నురగ తగ్గి, నీళ్లు ముదురు రంగుకు వస్తాయి. ఇదే కసిమి. పది రోజులకే ఆత్రపడి వాడితే గీత నల్లగా కాక బూడిదరంగులో వస్తుంది.

రెండు మీటర్ల కోరా బట్టను రాత్రంతా నీళ్లలో నానబెట్టి, గంజి పోయేదాకా ఉతికి ఆరేసి, మూడు భాగాలు చేయాలి. మొదటి భాగాన్ని అలాగే వదిలేయాలి. రెండోదాన్ని యాభై గ్రాముల కరక్కాయ పొడి కలిపిన అరలీటరు నీళ్లలో, మూడోదాన్ని అంతే పొడి కలిపిన అరలీటరు పచ్చి గేదెపాలలో పావుగంట నానబెట్టి పిండి ఆరేయాలి. గేదెపాలు దొరక్కపోతే వెన్న తీయని చిక్కటి ప్యాకెట్ పాలు వాడవచ్చు, ఫలితం కాస్త తగ్గుతుంది. వెన్న తీసిన పాలతో మాత్రం పని జరగదు. కలం కోసం జానెడు వెదురుపుల్ల చాలు. మొన చెక్కి, మొనకు మూడు సెంటీమీటర్ల పైన ఉన్నిగుడ్డ చుట్టి దారంతో బిగించాలి. గుడ్డ ద్రవాన్ని పీల్చుకుంటుంది, వేలితో నొక్కితే మొనకు దిగుతుంది.

ఒక్కో జట్టుకు మూడు రకాల ముక్కలూ ఇచ్చి, మూడింటి మీదా ఒకే గీత గీయించాలి. వాక్యం: 'కసిమి నల్ల రంగు.' మామూలు బట్ట మీద వచ్చేది తుప్పు మరక లాంటి లేత గోధుమరంగు. కరక్కాయ పట్టించిన బట్ట మీద అదే ద్రవం కళ్లముందే నల్లబడుతుంది. అంటే నలుపు కుండలో లేదు. కరక్కాయలోని వగరు పదార్థం, ఇనుము కలిసినప్పుడు బట్టలోనే పుడుతోంది. నీళ్లలో ముంచిన ముక్క మీద గీత అంచులు పాకి పలచబడతాయి. పాలలో ముంచిన ముక్క మీద గీత నిలుస్తుంది, పాలలోని కొవ్వు ద్రవాన్ని పాకనివ్వదు. కళాకారులు పాలు వాడింది ఆచారం కోసం కాదు, అవసరం కోసమని పిల్లలకు వేరే చెప్పక్కర్లేదు.

ఇంకొక పరిశీలన ఏడాది చివరికి ఉంచుకోవాలి. ఇనుము కలిసిన నలుపు నూలును మెల్లమెల్లగా తినేస్తుంది. మ్యూజియాల్లోని పాత అద్దకం బట్టల్లో ఎర్రరంగు బాగా ఉండి, నల్లటి గీతలున్నచోట బట్ట చివికిపోయి కనిపించడానికి కారణం ఇదే. ఆ ఎరుపు ఈ తీరంలో చిరివేరు నుంచి, తమిళంలో సాయవేరు అనే దాని నుంచి వచ్చేది. అది ఇప్పుడు సులభంగా దొరకదు కాబట్టి ఎరుపు పని తరగతిలో పెట్టుకోకపోవడమే మేలు. పటిక, మంజిష్ఠతో చేయవచ్చు గానీ ఉడికించాలి, పొయ్యి కావాలి, రెండు పీరియడ్లు చాలవు.

కాలం కూడా చూసుకోవాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చెన్నై తేమలో పాల బట్ట ఆరదు, వాసన వేసి బూజు పడుతుంది. జనవరి చివర నుంచి మార్చి దాకా అనుకూలం. కసిమి చేతికి, యూనిఫారానికి అంటితే పోదు, పాత చొక్కా తెచ్చుకోమని ముందే చెప్పాలి.

డెబ్బై రెండు, పంతొమ్మిది

డిసెంబరులో ఊరంతా కచేరీలే. తంజావూరు మంత్రి గోవింద దీక్షితుల కుమారుడు వేంకటమఖి 72 మేళకర్తల (రాగాలకు మూలమైన స్వరవరసల) పథకం చెప్పింది ఈ శతాబ్దంలోనే, 'చతుర్దండీ ప్రకాశిక'లో. సంగీతం రాని ఉపాధ్యాయులు కూడా దీన్ని చీట్లతో చెప్పవచ్చు. రి మూడు రకాలు, గ మూడు రకాలు, జతలు తొమ్మిది. వాటిలో గ కంటే రి ఎక్కువలోనో సమంగానో ఉండే మూడు జతలు పనికిరావు, మిగిలేవి ఆరు. ద, ని కూడా అంతే, ఆరు. మ రెండు రకాలు. ఆరును ఆరుతో, దాన్ని రెండుతో హెచ్చిస్తే డెబ్బై రెండు. హార్మోనియం మెట్ల మీద చీట్లు పెట్టిస్తే రెండో రి, మొదటి గ ఒకే మెట్టు మీద పడటం కళ్లకు కనిపిస్తుంది. అది చూపించకుండా లెక్క చెబితే ఆరు ఎలా వచ్చిందో ఎవరికీ అర్థం కాదు.

వాక్యం: 'ముందు పథకం, తర్వాత రాగాలు.' ఆయన కాలంలో వాడుకలో ఉన్న మేళాలుగా ఆయనే వివరించినవి పంతొమ్మిది. తక్కినవి లెక్క ప్రకారం రాగలవని చెప్పినవి. పాట ముందు నడిచింది, పట్టిక వెనక వచ్చింది. ఆ పట్టికలోని ఖాళీ గళ్లను తర్వాతి తరాలు నింపాయి. కనకాంగి మొదలైన ఇప్పటి పేర్లు కూడా తర్వాతివే, వాటిని వేంకటమఖికి అంటగట్టకూడదు.

జన్నల్, వేలం, మేస్త్రి

ఇది అరగంట పని. ఆ రోజుల్లో తీరమంతటా బేరాలకు పోర్చుగీసు భాష నడిచేది. తెలుగులో మేస్త్రి, వేలం, ఇస్త్రీ, తువ్వాలు, అల్మరా, పీపా, పాదిరి ఆ భాష నుంచి వచ్చినవి. తమిళంలో జన్నల్, సావి, మేసై. చెన్నై తెలుగు ఇళ్లలో 'జన్నల్ మూయి' అనడం మామూలే, ఆ మాట తమిళం మీదుగా పోర్చుగీసు నుంచి మన ఇంటికి చేరింది. పిల్లలను ఇంట్లో మాటల జాబితా రాసుకు రమ్మంటే ఉత్సాహంగా ప్రతిదాన్నీ పోర్చుగీసు ఖాతాలో వేస్తారు. మేజోళ్లు పారసీకం నుంచి వచ్చాయి. సబ్బు సంగతి అంత తేలిగ్గా తేలదు. 'తెలియదు' అనే గడి ఒకటి పట్టికలో తప్పకుండా ఉండాలి.

రాళ్ల దగ్గరికి

ఏడాదికి ఒక్క యాత్రే వీలైతే సెయింట్ జార్జి కోట చాలు. రెండోది కుదిరితే ఉత్తరాన సుమారు అరవై కిలోమీటర్ల దూరంలోని పులికాట్, మనవాళ్ల ప్రళయకావేరి. కోటలో సచివాలయం ఉంది కాబట్టి గుర్తింపు కార్డులు, బడి నుంచి ఉత్తరం తప్పనిసరి. లోపలి మ్యూజియం శుక్రవారం మూసి ఉంటుంది. సెయింట్ మేరీస్ చర్చి చుట్టూ నేల మీద పరిచిన సమాధి రాళ్లను చూపించి, అవి మొదట అక్కడివి కావని చెప్పాలి. పాత శ్మశానం కోట బయట ఉండేది, రాళ్లను తర్వాత ఇక్కడికి తెచ్చి పరిచారు. 'రాయి ఎక్కడ ఉంటే మనిషి అక్కడే పడుకున్నాడు' అనే వాక్యం అక్కడే చెల్లాచెదురవుతుంది. పులికాట్ డచ్చి శ్మశానం ద్వారం దగ్గర చెక్కిన అస్థిపంజరాలు పిల్లలకు భయం కంటే ఎక్కువ ఆసక్తి కలిగిస్తాయి.

కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీయడం పాత పద్ధతి, రక్షిత కట్టడాల దగ్గర చేయకూడదు. రాతి పొర రాలుతుంది. బదులుగా ఏటవాలు వెలుతురు వాడాలి. ఒకరు గొడుగుతో రాయికి నీడ పట్టాలి, ఇంకొకరు టార్చిని రాతికి దాదాపు ఆనించినట్టు పక్క నుంచి వేయాలి, మూడోవారు ఫ్లాష్ ఆపి ఫొటో తీయాలి. అరిగిన అక్షరాల గుంతల్లో నీడ నిలిచి అవి లేచి కనిపిస్తాయి. మిట్టమధ్యాహ్నం గొడుగు లేకుండా తీస్తే ఏమీ కనబడదు. రాళ్ల మీద వయసులు లెక్కపెట్టి 'అప్పటి మనుషులు ఇన్నేళ్లు బతికేవారు' అని సగటు కట్టడం పిల్లలకు ఇష్టం. చెక్కించిన రాయి పెట్టించుకోగల ఐరోపా కుటుంబాలవే ఆ వయసులు. ఓడల నుంచి మూటలు దింపినవాళ్ల వయసులు అక్కడ లేవు. పురికొస మీది ఖాళీనే మళ్లీ గుర్తుచేయడానికి ఇది సరైన చోటు.

ఆమ్‌స్టర్‌డామ్‌లో మొఘల్ బొమ్మలు

కళ గురించి ఒక చిన్న పని. డచ్చి చిత్రకారుడు రెంబ్రాంట్ ఎన్నడూ భారతదేశం రాలేదు. అయినా 1650ల రెండో సగం, ఆ తర్వాతి కొన్నేళ్లలో మొఘల్ చిత్రాలు చూసి పాతిక దాకా బొమ్మలు గీశాడు. పిల్లలకు ఒక గోల్కొండ లేదా మొఘల్ చిన్నచిత్రం రంగు నకలు ఇచ్చి, గోధుమరంగు సిరాతో పదిహేను నిమిషాల్లో గీయమనాలి. తర్వాత ఏం వదిలేశారో చూసుకోవాలి. రంగు, వెనకటి తోట, అంచులోని పూలు ముందుగా పోతాయి. మనిషి నిలబడిన తీరు, వేషం మిగులుతాయి. రెంబ్రాంట్ ఏం వదిలాడో, నీడలు ఎక్కడ చేర్చాడో అప్పుడు చూపిస్తే పిల్లలకు తమ గీతల ద్వారానే అర్థమవుతుంది. ముందే చూపిస్తే ఆయన బొమ్మనే నకలు చేసి ఊరుకుంటారు.

మార్కులు, దాచుకోవడం

పదికి మార్కులు వేస్తే అందం, శుభ్రతకు ఒకటి మించి ఇవ్వకూడదు. ఏ వాక్యాన్ని పరీక్షించారో రాసినందుకు రెండు, ఏం గమనించారో అంకెలతో రాసినందుకు నాలుగు, తేలనిది ఏమిటో ఒప్పుకున్నందుకు మూడు. వంకర అక్షరాల తాటాకు ఇచ్చి, చీలికల లెక్క సరిగ్గా రాసిన పిల్లవాడికి ముత్యాల్లాంటి అక్షరాలవాడి కంటే ఎక్కువ రావాలి. ఇది ముందుగానే చెప్పకపోతే తల్లిదండ్రులు ఇంట్లో రాసిచ్చే ప్రమాదం ఉంది.

నకలు ఆటలోని ఎనిమిది అయిదో ప్రతులకు మాత్రం చిల్లుపెట్టి దారం గుచ్చి, రెండు చెక్కబద్దల మధ్య కట్టి, ఎండిన వేపాకులతో డబ్బాలో పెట్టాలి. మూలపు ఆకు విడిగా, సీలు చేసిన కవరులో. వచ్చే ఏడాది పిల్లలకు ఇవ్వాల్సింది ఈ కట్ట. తాము ఎరగని చేతులు రాసిన ఎనిమిది పాఠాల నుంచి 'మా'యా 'మన'యా అన్నది వాళ్లు తేల్చాలి, కవరు ఆ తర్వాతే తెరవాలి.